బొమ్మక్క అలికిన గోడ

కోవిల్‌పట్టి పక్క పల్లెలోకి ఎర్రమ్మ రెండో పెళ్లాంగా కాపురానికొచ్చిందా, మొగుడు రామసుబ్బు పొద్దుగూకితే ఆమె మొహమే చూడడు. చచ్చిపోయిన మొదటి పెళ్లాం బొమ్మక్క అలికిన గోడకేసి చూస్తూ ఊరికే కూర్చుంటాడు. ఎర్రమట్టి మీద బొమ్మక్క వేళ్లు తీసిన వంపులు పొర మీద పొరగా అలాగే ఉన్నాయి మరి.

అతను పత్తి బండి కట్టుకుని విరుదునగర్ పోయిన రాత్రి, తెల్లారేలోగా ఆ గోడ తనదైపోవాలని ఎర్రమ్మ దీపం పెట్టుకుని అలకసాగింది. పాత వంపులన్నీ కప్పేసి, పైన తన వేళ్లతో గీతలు లాగింది. ఊరంతా మాటుమణిగింది. తడిమట్టి మీద అరచేయి రాసే చప్పుడొక్కటే.

పంచలో పండుకున్న చూపులేని అత్త కేకేసింది.

"ఏమే, ఇంత రాత్రప్పుడు గోడతో ఏం గొడవే నీకు? నిలిపేసి పండుకో!"

"ఎప్పుడో నిలిపేస్తి అత్తా. చేతులు కడుక్కుంటా ఉండా."

"నా కండ్లు పోయినాయి గానీ చెవులు పోలేదే! ఇంకా అలకతానే ఉండావు గదా?"

నీళ్ల చెంబు ఎర్రమ్మ చేతిలోనే ఉంది. ఆమె మెల్లగా తల తిప్పింది.

ఇప్పుడే తాను లాగిన గీతలు గోడ అవతలి మూల నుంచి ఒక్కొక్కటే నునుపుగా చెరిగిపోతూ వస్తున్నాయి.