చలించని ముఖం

ఆదోని పత్తి మార్కెట్లో బేరం నోటితో జరగదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు. పైన తుండుగుడ్డ కప్పుతారు. ధర వేళ్ల మీద నడుస్తుంది. చుట్టూ మూగినవారికి కనిపించేవి రెండు ముఖాలే.

తన ముఖమే తనను ముంచుతోందని పత్తి కొనే వర్తకుడు దామోదరం నిర్ధారణకు వచ్చాడు. ఎమ్మిగనూరు వైపు నుంచి ఏటా పత్తి బండితో వచ్చే రైతు ఈరన్న, వరసగా మూడేళ్లు అతను మనసులో దాచుకున్న ఆఖరి ధరను దమ్మిడీ తేడా లేకుండా పట్టేశాడు.

"వచ్చే ఏడు గూడా గుట్టు బయటపెట్టుకున్నావో, తుండుగుడ్డ నీ తమ్మునికిస్తా. నువ్వు తూకం కాడ కూర్చుందువు," అన్నాడు తండ్రి శేషగిరి శెట్టి.

దామోదరం తర్కం తెలిసిన మనిషి. ఓడించినవాణ్ణి మించిన గురువు ఎవడు? ఈరన్న ముఖాన్ని అక్షరం అక్షరంగా గుర్తుచేసుకున్నాడు. ఎదుటివాడి భుజం మీదుగా ఎక్కడో నిలిచిపోయిన చూపు. పడమటి ఎండ సూటిగా కొట్టినా ముడుచుకోని కళ్లు. పక్క బండి వర్తకుడు సైగలు చేసినా అటు తిరగని తల. యోగులు కొండలెక్కి సాధించలేనిది ఈ రైతుకు పత్తి బండి మీదే అబ్బింది!

ఏడాది పొడుగునా మిద్దె మీద ఎండకెదురుగా నిలబడి సాధన చేశాడు. మొదటి నెల కన్నీళ్లు ధారకట్టాయి. మూడో నెలకు ఆగాయి. పరీక్షలు పెట్టేది భార్య అన్నపూర్ణ. కాకి ఈకతో చెవిలో తిప్పింది. చలనం లేదు.

"మా అమ్మ వస్తాండాది. ఉగాది దాకా ఈడనే ఉంటాదంట."

దామోదరం కనుబొమ కూడా కదలలేదు.

"ఇంగ మీరు గెలిచినట్లే," అంది అన్నపూర్ణ, కొంత కినుకగా.

కర్నూలు రాజధాని అయిన ఏడు. ఎప్పటిలాగే ఈరన్న భార్య బసమ్మ బండి తోలుకొచ్చింది. ఈరన్న బండి దిగకుండానే చెయ్యి చాచాడు. గుడ్డ కప్పారు. రెండు శిలావిగ్రహాలను ఎదురెదురుగా పెట్టినట్టుంది. జనం ఊపిరి బిగబట్టారు.

ఈరన్న పట్టిన ధర మళ్లీ దామోదరం ఆఖరి ధరే.

శేషగిరి శెట్టి తుండుగుడ్డ తీసి చిన్న కొడుకు భుజాన వేశాడు.

"నిజం చెప్పు ఈరన్నా, యాడ దొరికినాను?" అని అడిగాడు దామోదరం.

"అరసేతిలో, శెట్టీ. కడాకరి ధర దగ్గరికొస్తే నీకు సెయ్యి సెమట పడతాది."

ఓటమి కంటే ఇది లోతుగా గుచ్చుకుంది. ఏడాది తపస్సుకు కనీసం ఒక్క మెచ్చుకోలైనా దక్కాలి కదా!

"సరే, చెయ్యి ఓడింది. మరి నా మొగం? అదెట్లుండాదో చెప్పప్పా!"

ఈరన్న మీసాల్లో నవ్వుకున్నాడు. బసమ్మ పగ్గాలందుకుంది.

"ఆయప్పనడిగితే ఏం సెప్తాడు శెట్టీ, నా మొగమే కనపడక నాలుగేండ్లాయ."