మచ్చలేని కొన

"ఇంకొక్క బిళ్ళ, నఫీసా. కుళ్ళు పైదాకా పాకి ఉండదు."

వగ్దీ బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, భార్య పెంచిన కాక్టస్‌కు కిందనుంచి మరో బిళ్ళ కోశాడు. మధ్యలో మళ్ళీ గోధుమరంగు మచ్చ.

"అంటు కట్టడానికి మచ్చలేని కొన దొరికితే చాలు. బతికిస్తా."

"నా షుగరు కాలికి డాక్టరూ ఇదే అన్నాడుగా," అంది చక్రాల కుర్చీలో నఫీసా. "ముందు వేళ్ళు తీశాడు. తర్వాత మోకాలిదాకా. రేపు తొడదాకా అట."

వగ్దీ తలెత్తలేదు. ఇంకో బిళ్ళ కోశాడు. అందులోనూ మచ్చ.

నఫీసా అతని మణికట్టు పట్టుకుంది. "చాలయ్యా. ఈ అలెగ్జాండ్రియా ఉప్పుగాలిలో ముప్పై ఏళ్ళు వీటిని పెంచా. ఎప్పుడు ఆపాలో నాకు తెలుసు. రేపు ఆసుపత్రికి నేను రాను."

వగ్దీ బిళ్ళలన్నీ ఏరి కుండీలో ఒకదానిమీద ఒకటి వరసగా పేర్చాడు. మిగిలిన కొనను పైన నిలబెట్టి, పడిపోకుండా ముళ్ళతో సహా రెండు చేతులా పట్టుకున్నాడు.