అవ్వ పంపిన నంబరు

“బ్యాంకోళ్లు మెయిల్‌లో పిన్ నంబరు అడిగినారు. పంపించినా,” అంది ఓబులమ్మ, అనపకాయలు ఒలుస్తూ.

మనవరాలు చైత్ర చేతిలోని టిఫిన్ డబ్బా కింద పడింది.

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక ఆఫీసులో ఆమె ఉద్యోగమే ఇలాంటివి ఆపడం. కంపెనీ వాళ్లకు దొంగ మెయిళ్లు, చెత్త మెయిళ్లు రాకుండా కాపలా కాయడం. పోయిన దీపావళికి ఇంటికి కంప్యూటర్ కొని, అవ్వకు ఈమెయిల్ నేర్పించిందీ ఆమే. వాళ్లుండే మడివాళలో, మార్కెట్ అంగడి బోర్డులు కూడబలుక్కుని ఇంగ్లిష్ నేర్చుకున్న అవ్వకు అది నెలరోజుల్లో వచ్చేసింది. కాపలా సంగతి నేర్పడం మాత్రం చైత్ర మరిచిపోయింది.

“బ్యాంకు పేరు పెట్టుకుని దొంగలు రాస్తారవ్వా! ఎట్ల నమ్మినావు?”

“డియర్ అని మొదలుపెట్టినాడే. ఈ వయసులో నన్నట్ల పిలిచేటోళ్లు ఎవురుండారు?”

“అవ్వా!”

“రేపటిలోగా పంపకుంటే ఖాతా మూసేస్తామన్నాడు. అదెట్ల మూస్తాడు? మీ తాతా నేనూ ఇప్పుడు కలిసుండేది ఆ పాస్‌బుక్కులోనే కదే.”

తాత కొండయ్య పోయి ఆరేళ్లు. పాస్‌బుక్ మొదటి పేజీలో ఆయన పేరు, పక్కనే ఆమె పేరు. ఆయన పేరు తీయించుకోమని బ్యాంకు వాళ్లు కబురు పెట్టినప్పుడల్లా ఓబులమ్మకు మోకాళ్ల నొప్పి వచ్చేది. మూడేళ్ల కిందట వాళ్లు పంపిన ఏటీఎం కార్డు, వచ్చిన కవర్లోనే, పసుపు డబ్బా కింద ఉంది.

బ్యాంకుకు పోయే ఆటోలో చైత్ర గోళ్లు కొరుక్కుంటూ అడిగింది. “ఆ నంబరు ఇంకెవరికైనా చెప్పినావా?”

“దాంట్లో దాచేదేముండాది? అంగడి మునినారాయణప్పకు తెలుసు. పాల హనుమక్కకు నేనే నేర్పించినా.”

“పాలామెకు కూడానా!”

“మీ తాత నాకు బట్టీ పట్టించిన నంబరే అది. ముప్పై ఏండ్లాయె, ఒక్కనాడూ మర్చిపోలేదు.”

చైత్ర డ్రైవర్ని ఇంకా తొందరపెట్టింది.

బ్యాంకు మేనేజర్ సుబ్బరాయుడు అంతా విని నుదురు కొట్టుకున్నాడు.

“ఇంక ఈ అకౌంట్ ఉంచితే డేంజర్ పెద్దమ్మా. ఇప్పుడే క్లోజ్ చేసి, మీ ఒక్కరి పేరుతో కొత్తది తెరుస్తా. ఆ పాత బుక్కు ఇటివ్వండి.”

ఓబులమ్మ పాస్‌బుక్కును గుండెకు అదుముకుంది. ఆయన ఒక కొస పట్టుకుని ఇటు లాగాడు. ఆమె అటు లాగింది.

“వద్దప్పా. ఆయన్ను ఒకసారి సాగనంపినా. రెండోసారి నావల్ల కాదు.”

“మరి పిన్ అందరికీ చెప్పేశారు కదమ్మా!”

“చెబితే ఏమైపోతుందప్పా? కావాలంటే నీకూ చెబుతా, రాసుకో.”

“చెప్పొద్దు! ఎవరికీ చెప్పొద్దు!” సుబ్బరాయుడు గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు. అందుకోసం బుక్కు వదలాల్సి వచ్చింది.

ఓబులమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని లేచి నిలబడింది. గొంతెత్తి, బ్యాంకంతా వినేలా, “ఐదు, ఆరు, సున్నా…” అని మొదలుపెట్టింది.

“సున్నా, ఆరు, ఎనిమిది!” అంటూ, ఉత్తరాల మీద రాసి రాసి నోటికొచ్చేసిన మడివాళ పిన్ కోడ్‌ను క్యూలో ఉన్న వాళ్లంతా ఒక్క గొంతుతో పూర్తి చేశారు.