తొక్కి చూసుకోండి

“ఒక్క చక్రం కూడా ఈ గేటు దాటదు,” అన్నాడు పాత మాల్ మేనేజరు, ర్యాంపుకు అడ్డంగా చేతులు కట్టుకుని నిలబడి.

వ్యాన్ డ్రైవరుకు ఒళ్లు మండిపోయింది. సైకిళ్ల షాపావిడ సరుకును ఊరి చివర కొత్త కాంప్లెక్సుకు చేర్చాలని కబురొస్తే, చేతిలో ఉన్న బేరం వదులుకుని మరీ వచ్చాడు. తీరా వస్తే వ్యాన్‌ను లోపలికి రానివ్వరు. సరుకుల లిఫ్టుకు తాళం. పెద్ద తలుపు దగ్గర అట్టపెట్టె కనిపిస్తే చాలు, గార్డులు వెనక్కి నెట్టేస్తున్నారు.

“సరుకు ఆవిడది కదండీ!” అన్నాడు.

“సరుకు ఆవిడదే. గేటు మాది. ఖాళీ చేసి పోయే షాపుల సరుకు ఇవాళ బయటికి పోకూడదని ఓనరుగారి ఆర్డరు.”

ఇవాళే ఎందుకో అందరికీ తెలుసు. సాయంత్రం కొత్త కాంప్లెక్సు ప్రారంభం. అప్పటికి సరుకు సర్దుకోని షాపును, కాచుకుని కూర్చున్న మరొకరికి ఇచ్చేస్తారు. పాత మాల్ ఓనరుకు కావలసిందీ అదే. కప్పు కారితే బకెట్లు పెట్టించాడు, ఎస్కలేటరు ఆగిపోతే మెట్లనుకుని ఎక్కమన్నాడు. ఇప్పుడు అద్దెకున్నవాళ్లు లేచిపోతుంటే మాత్రం ఆయనకు కడుపు మండింది.

కళ్లద్దాల షాపామె తెలివైంది. సరుకంతా చేతిసంచుల్లో ఎప్పుడో దాటించేసింది. సైకిల్ని సంచిలో దాచడం ఎవరి తరం?

సైకిళ్ల షాపావిడ రెండో అంతస్తు నుంచి గబగబా దిగొచ్చింది. చేతులనిండా గ్రీజు.

“ఎంత చెప్పినా అంతేనా మేనేజర్ గారూ?”

“అంతే మేడమ్. మీకో రూలు, ఇంకొకరికో రూలు ఉండదు. సరుకు తరలించడం ఆపమన్నారు, ఆపుతాను. కొనడానికొచ్చినవాళ్ల జోలికి పొమ్మనలేదు, పోను. చెప్పినంతవరకే నా పని.”

“ఏం మనిషివయ్యా నువ్వు!” డ్రైవరు చొక్కా చేతులు మడిచాడు. “ఆవిడ బతుకు మీద కొడుతూ రూల్సు వల్లిస్తావా?”

కళ్లద్దాల షాపామె అతని రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. “నువ్వూరుకో బాబూ. ఆయన సంగతి ఆవిడ చూసుకుంటుంది.”

సైకిళ్ల షాపావిడ మేనేజరు మొహంలోకి కాసేపు చూసింది. అతను పైకప్పులో మరకలు చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆవిడ కళ్లు మెరిశాయి. గిరుక్కున తిరిగి పైకి పరుగెత్తింది. నిమిషం తిరక్కుండా రెండో అంతస్తు పిట్టగోడ మీంచి ఆవిడ గొంతు మాలంతా మోగింది.

“రండి! రండి! నచ్చిన సైకిలెక్కి తొక్కి చూసుకోండి! ఎక్కేది ఇక్కడ, దిగేది కొత్త కాంప్లెక్సులో! తొక్కి చూడకుండా సైకిలెవరు కొంటారండీ?”

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరు నవ్వారు. ఆ నవ్వు షాపు షాపుకీ పాకింది. బల్బు కొనడానికొచ్చిన రిటైర్డు డ్రిల్లు మేష్టారు అందరికన్నా ముందు పైకెక్కాడు. క్యాంటీన్ వంటవాడు ఏప్రాన్ విప్పకుండానే పరుగెత్తాడు. కాలేజీ పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ఎగబడ్డారు. కార్ల కోసం కట్టిన ర్యాంపు మీద మలుపు తిరిగి మలుపు తిరిగి, గంటలు మోగించుకుంటూ, ధర చీటీలు గాలికి రెపరెపలాడించుకుంటూ సైకిళ్లు దిగసాగాయి.

గార్డు కంగారుపడ్డాడు. “సార్, ఇది సరుకా? కస్టమరా?”

“మనిషెక్కి తొక్కుతుంటే సరుకెలా అవుతుంది? గేటు తియ్.” మేనేజరు ఆముదం తాగినట్టు మొహం పెట్టాడు.

చిట్టచివర చెప్పుల షాపు పెద్దాయన ఒక సైకిల్ని తోసుకుంటూ వచ్చాడు. మేనేజరు చెయ్యి అడ్డం పెట్టాడు.

“తోసుకెళ్తే అది సరుకే. ఎక్కి తొక్కండి.”

“మోకాళ్ల నొప్పులు నాయనా...”

“అయితే వెనక్కి తీసుకెళ్లండి.”

డ్రైవరు పళ్లు పటపటా కొరికాడు. పెద్దాయన మాత్రం మేనేజరును ఎగాదిగా చూసి, పంటి బిగువున కాలెత్తి, సీటెక్కాడు. అటు ఊగాడు, ఇటు ఊగాడు. గేటు స్తంభాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. రోడ్డెక్కాక చిన్నపిల్లాడిలా కేకేశాడు.

“ఆగండి, ఇక నా వ్యాన్‌లో వేసేద్దాం!” అని డ్రైవరు అరిచాడు. వినేదెవరు? తొక్కడం మొదలుపెట్టాక ఆగాలని ఎవరికుంటుంది? చేసేదిలేక, పిల్లల సైకిళ్ల మీద కూర్చుని మోకాళ్లు గడ్డానికి తగులుతున్న ఇద్దరు బొద్దు టైలర్లను మాత్రం ఎక్కించుకుని, హారను బ్యాండుమేళంలా వాయిస్తూ ఆ దండు వెనకాల వ్యాన్ పోనిచ్చాడు. దారిపొడవునా కిటికీలు తెరుచుకున్నాయి. బస్సులు ఆగి దారిచ్చాయి. ఎవరిదో తెలియని పెళ్లికి వచ్చినట్టు జనం చప్పట్లు కొట్టారు.

రిబ్బను కత్తిరించే వేళకు కొత్త షాపు నిండిపోయింది. రంగు వాసన ఇంకా పోని గోడల మధ్య సైకిళ్లు తళతళలాడుతున్నాయి. తొక్కుకొచ్చినవాళ్లలో సగంమంది తెచ్చిన సైకిల్ని వదలనంటున్నారు. ఆ షాపు కోసం కాచుకుని కూర్చున్న మనిషి కూడా ఒక సైకిల్ బేరమాడుతున్నాడు. సైకిళ్ల షాపావిడ ఖాళీ పెట్టె మీద చతికిలబడి, అలుపూ నవ్వూ కలిసొస్తుంటే ఆయాసపడుతోంది.

డ్రైవరు గడగడా నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

“మీరు గెలిచారమ్మా, అంతే చాలు. కానీ ఆ మేనేజరున్నాడు చూశారూ, మోకాళ్ల నొప్పుల పెద్దాయన్ని కూడా వదల్లేదు. అలాంటి మనిషికి రోజూ ఇంట్లో అన్నం ఎవరు పెడుతున్నారో గానీ, ఆ తల్లికి దణ్ణం పెట్టాలి!”

ఆవిడ గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంది.

“నేనే బాబూ,” అంది, “పెళ్లయిన దగ్గర్నుంచీ.”