ఇయ్యనంటది

“ఇయ్యనంటది బాపూ,” అన్నాడు హనోకు, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా.

“ఏమి ఇయ్యనంటది బిడ్డా?” బల్ల మీద కూర్చున్న భీమన్న అడిగాడు.

నవీపేట్ దిక్కు నుంచి తెల్లారి బస్సుకు వచ్చిన ముసలాయనకు కెర్నెల్ గురించి ఏమని చెప్పాలి!

“గీ మిషిన్ల నీ పేరున్నది. గా పక్క మిషిన్‌కు ప్రింటర్ ఉన్నది. నీ దగ్గరున్నది పక్కదానికి ఇస్తవా అని దీన్ని అడుగుతున్న. ఇచ్చిందంటే నీ కటింగ్ ఆర్డర్ అచ్చయి చేతికొస్తది.”

“అచ్చం భూమిల వాటా ఇయ్యని మా పాలోళ్ల లెక్కనే ఉన్నది గదా ఇది,” అని భీమన్న నవ్వాడు.

అది రెండువేల ఒకటి, మార్చి నెలాఖరు. మంజీర ఒడ్డున కొత్తగా లేచిన చక్కెర ఫ్యాక్టరీ. ఆ ఏడు చెరుకు విరగబండింది. గేటు బయట ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. అందరి వంతూ అయిపోయి, ఆలస్యంగా నాటిన భీమన్న ఒక్కడే మిగిలాడు. నాలుగెకరాల చెరుకు. ఆర్డర్ కాగితం లేనిదే కొడవలి పెట్టడానికి లేదు. ఒక్కడి కోసం మిల్లు తిప్పడం నష్టమే అయినా, ఒప్పందం రాసుకున్న చెరుకును ఫ్యాక్టరీ తీసుకుని తీరాలి. కాకపోతే ఆర్డర్లకు ఆఖరి రోజు ఇవాళే, సాయంత్రం ఐదింటి దాకానే. అది దాటితే ఏడాది కష్టానికి అగ్గిపుల్లే గతి. చేత్తో రాసిన ఆర్డర్లు చెల్లవు.

నిన్ననే పాత కంప్యూటర్లు తీసేసి లినక్స్ పెట్టారు. ఒకదాని డిస్కు రెండోదానికి కనబడాలంటే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను మళ్లీ తయారు చేయాలి. రెండు వందల చిల్లర ప్రశ్నలు. ఒక్కోదానికీ అవుననో కాదనో తేల్చాలి. ఆ తర్వాత గంటకు పైగా అది కుతకుత ఉడకాలి. ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలి. ఒక్కచోట తేడా వచ్చినా కథ మొదటికే.

పదకొండింటికే రెండుసార్లు మొదటికొచ్చింది.

మధ్యాహ్నం మేనేజర్ గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగాడు.

“ఏమయ్యా, అయిందా?”

“ఐతలేదు సార్.”

“ఐదింటి దాకా టైం ఉన్నది. నీ పర్మినెంటు సంగతి ఇయ్యాల్టి పనిని బట్టే ఉంటది. యాదిల పెట్టుకో.”

హనోకు రెండేళ్లుగా టెంపరరీ. అతన్ని కంప్యూటర్ కోర్సు చదివించడానికి తల్లి కమలమ్మ పట్నంలో కంఠేశ్వర్ కాలనీలో నాలుగిళ్లు ఊడ్చింది. ఇప్పుడామెకు నడుం లేవడం లేదు.

భీమన్నకు జాలేసింది. మూట విప్పి, జొన్నరొట్టె సగం విరిచి, పచ్చికారం పెట్టి చేతికిచ్చాడు.

“తిను బిడ్డా. నా నసీబు ఎట్లుంటే గట్లయితది. నీ నౌకరికి ఏం గావొద్దు.”

హనోకు రొట్టెను కీబోర్డు పక్కన పెట్టి మళ్లీ ప్రశ్నల మీద పడ్డాడు.

మూడోసారి. నాలుగోసారి. మీట నొక్కే ముందు ప్రతిసారీ “ప్రభువా” అనుకున్నాడు హనోకు. పక్కన భీమన్న వేములవాడ రాజన్నకు కోడె మొక్కుకున్నాడు. ఆ మధ్యాహ్నం ఏ దేవుడికీ తీరిక దొరకలేదు.

ఐదోసారి మిషను లేచేసరికి నాలుగున్నర దాటింది. భీమన్న లేచి వచ్చి హనోకు కుర్చీ వెనక నిలబడ్డాడు.

“ఏమంటది?”

“ఇయ్యనంటది బాపూ.”

ఐదింటికి సైరన్ కూసింది. మేనేజర్ ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

“నష్టానికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలె. పోరగాని నిర్లక్ష్యం అని రాస్తే నీకు పరిహారం వస్తది, వీడి ఉద్యోగం పోతది. మిషిన్ చెడిపోయింది, ఎవరి తప్పూ లేదని రాస్తే నువ్వు ఫ్యాక్టరీని అడిగేది ఏముండదు. పొద్దటి సంది చూసినోడివి నువ్వే. చెప్పు.”

భీమన్న హనోకు కుర్చీ మీద చెయ్యి వేశాడు.

“పోరనిది తప్పు లేదు సార్. నా కండ్లతోని జూసిన. పానం బెట్టి జేసిండు,” అన్నాడు. మేనేజర్ అదే రాశాక, బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కాడు. వేలు ధోవతికి తుడుచుకుని హనోకు భుజం తట్టాడు.

“రంది వెట్టుకోకు బిడ్డా. మిషిని ఇననంటే నువ్వేం జేస్తవ్?”

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా మెట్లు దిగాడు.

ఆ ఐదుసార్లూ ‘నా దగ్గరున్నది పక్కదానికి ఇవ్వమంటావా?’ అని అడిగింది మిషను. ‘వద్దు’ అని నొక్కింది హనోకు, పొద్దున మేనేజర్ చెప్పినట్టే.