చిప్పు సాక్ష్యం

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునేదేందే? అదేమన్నా గిద్దలూరు దుకాణంలో కొన్న జాకెట్ ముక్కా, రంగు నచ్చలేదని మార్చుకోను?"

సరోజమ్మ గొంతు తగ్గించే అన్నది గానీ, చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్న ఇద్దరు తిరిగి చూసినారు. కేథరిన్ తల్లి చెయ్యి పట్టుకుని గోడ పక్కకు లాగింది.

"అది అబద్ధమైపోయింది మా. చిప్పు పని చెయ్యడం లేదు."

"పోయిన ఆదివారం చేసింది గదా?"

"అప్పుడూ చెయ్యలేదు."

సరోజమ్మ అరుగు మీద పెట్టిన పులిహోర గిన్నె వంక చూసింది. ఇయ్యాల కృతజ్ఞత కూడిక. కృతజ్ఞత చెప్పేది ఆ చిప్పు కోసమే.

ఒక ప్రోగ్రామింగ్ భాష ఏ కంప్యూటర్ మీద నడవాలన్నా కింద దానికి ఇంజన్ లాంటిది ఒకటి కావాలి. రన్‌టైమ్ అంటారు. దాన్ని ఎవరూ పెద్దగా వాడని ఒక కొత్త రకం చిప్పు మీద నడిపించడం కేథరిన్ ఉద్యోగం. రాచర్లలో ఇంట్లో కూర్చునే చేస్తోంది. రెండు నెలలుగా అది లేచినట్టే లేచి సగంలో కూలిపోతోంది. ఉద్యోగం పోయేట్టుందని ఒకరోజు అన్నం ముందర ఏడ్చింది. ఏడ్చింది ఇంట్లో, తెలిసింది సంఘమంతటికీ. అంతే, వరసగా మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టినారు. "నోరు తిరగని మోషేకి మాటలిచ్చిన దేవా, ఆ చిప్పుకు కూడా నోరియ్యి నాయనా" అని పాస్టరు ప్రభుదాస్ అయ్యగారు మోకాళ్ల మీద అడిగినారు. మూడో శుక్రవారం పోయి శనివారం వచ్చేసరికి, అది సరిగ్గా నడుస్తోందో లేదో చూసే మూడు వేల టెస్టులూ పాస్. ఆదివారం కేథరిన్ మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. కొందరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

ఈ పొద్దున పళ్లు తోముకుంటా ఆ టెస్టుల చిట్టా మళ్లీ చూసింది. రెండు గంటలు పట్టాల్సినవి పదకొండు సెకండ్లలో అయిపోయినాయి. నోట్లో బ్రష్షు అట్లనే ఉండిపోయింది. ఎక్కడ కూలుతోందో వెతికేటప్పుడు టెస్టులు అడ్డం రాకుండా ఆ శుక్రవారం తనే ఒక లైను రాసుకుంది: ఈ చిప్పు కనబడితే టెస్టు నడపొద్దు, పాస్ అని రాసెయ్. ఒక్క పూటకే అనుకుంది. తీసెయ్యడం మర్చిపోయింది. మర్నాడు ఒక్క టెస్టూ నడవలేదు. అన్నీ పాస్.

బెంగళూరులో ఉండే టీమ్ లీడ్‌కి మెసేజ్ పెట్టింది. "సోమవారం చూద్దాం" అని బొటనవేలు బొమ్మ పెట్టినాడు. ఆఫీసుతో అంతటితో అయిపోయింది. చర్చితో అట్ల కాదు.

"గమ్మున కూర్చో. ఈ వారంలో దాన్ని బాగుచేసి పెట్టుకో. ఎవురికి తెలుస్తది?" అన్నది సరోజమ్మ.

"మిరప చేలో కలుపు తీస్తా పస్తులున్నారు మా, నా కోసం. సౌభాగ్యమ్మ అవ్వకు షుగరు కూడా. ఆమె మొహం ఎట్ల చూసేది?"

"చూడబాక. పులిహోర గిన్నె చూడు."

లోపల అయ్యగారు అప్పుడే పేరు పిలిచినారు. కేథరిన్ పోయి మైకు పట్టుకుంది. అది కీచుమంది.

"పోయిన ఆదివారం నేను చెప్పింది నిజం కాదు. చిప్పు మాట్లాడలేదు. టెస్టు పెట్టకుండానే పాసని రాసుకున్నా. తెలియక జరిగింది, కానీ చేసింది నేనే. మీరేమో నా కోసం కడుపులు మాడ్చుకున్నారు..."

అక్కడితో మైకు దించేసింది. కాళ్ల కింద బండలు నోరు తెరిచి మింగేస్తే బాగుండనిపించింది.

ముందు వరసలో సౌభాగ్యమ్మ అవ్వ అడిగింది. "అంటే ఏంది పాపా, పరీక్ష రాయకుండానే పాసైనట్టా?"

"అంతే అవ్వా."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడిపించానే అనుకుంది కేథరిన్. అవ్వ ఏడవడం లేదు, నవ్వుతోంది.

"అయ్యగారూ, నాదీ అదేనయ్యా. పొద్దున ఉపవాసానికి పేరిచ్చి, మధ్యాన్నం చేని గట్టు గెనం మీద కూచోని సంగటి తిన్నా. సాయంత్రం మూతి తుడుచుకోని ప్రార్థనకొచ్చినా. షుగరు గదా, కళ్లు తిరిగినాయి."

"మూడు వారాలూనా?" అన్నారు అయ్యగారు.

"మూడు వారాలూ తిరిగినాయి."

చర్చి గొల్లుమంది. మగవాళ్ల వైపు నుంచి దేవరాజు లేచినాడు. సంఘ పెద్ద.

"నేను టీ తాగినానయ్యా. టీలోకి నాలుగు బజ్జీలు."

"నాలుగేంది మామా, ఆరు! నేను చూసినా" అన్నారు వెనక నుంచి ఎవరో.

"బజ్జీల బండి కాడ నీకేం పనిరా, ఉపవాసం నాడు?" దేవరాజు వెనక్కి తిరిగినాడు.

అయ్యగారు కోప్పడబోయి, కుదరక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. ప్రభువు ముందర అడుగుతున్నా. మూడు శుక్రవారాలూ నిజంగా మెతుకు ముట్టనోళ్లు చెయ్యెత్తండి." ఆయన రెండు చేతులూ మాత్రం బైబిలు కిందనే ఉన్నాయి.

మగవాళ్ల వైపు ఒక్క చెయ్యీ లేవలేదు. పొద్దుట్నించి గుండె మీద కూర్చున్న బండ ఎవరో దించినట్టయింది కేథరిన్‌కి. ఎవరూ పస్తుండలేదు! నవ్వు ఆపుకోలేక, నవ్వుతానే ఆడవాళ్ల వైపు తిరిగి తల్లి కోసం వెతికింది.

సరోజమ్మ తల వంచుకునే ఉంది. చెయ్యి మాత్రం పైకెత్తి ఉంది.