మరిగాక చెప్తా

అందరి ఉద్యోగాలూ ఇళ్లలోకే వచ్చేశాక, కుర్చీలోంచి లేవడానికి ఆఫీసు ఒప్పుకునే సాకు ఒక్కటే మిగిలింది: టీకి నీళ్లు మరగాలి. అంతసేపూ, గోడమీంచి పని పురమాయించే ఆఫీసు తెర నోరు మూసుకునేది. ఇప్పుడు ఆ ఆఫీసే, తిప్పగానే మరిగిన నీళ్లు పోసే కుళాయి ఊరికే బిగిస్తానంటోంది.

"ఊరికే కదా, పెట్టించుకుందాం," అన్నాడు భర్త ధీరజ్.

సువర్చలకు ఒళ్లు మండిపోయింది. "ఊరికేనా? ఎదురింటి భ్రమరాంబ పెట్టించుకుంది. ఇప్పుడు టీ కూడా తెర ముందే తాగుతోంది. ఉన్న ఆ కాస్త ఊపిరీ లాక్కుంటామంటే తలూపుతావా?"

అంతలో తెర పలికింది. "సువర్చల గారూ, కుళాయి బిగించే మనిషిని పంపమంటారా?"

"టీ పెట్టుకోవాలి. తర్వాత చెప్తా."

విసురుగా వంటింట్లోకి వెళ్లి, దీపావళి తలంట్లకు తప్ప దించని రాగి కాగును అటకమీంచి దించింది. చిన్న పొయ్యిమీద పెట్టి, బిందెడు నీళ్లు పోసి, మంట బాగా తగ్గించి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీళ్లు మరిగాయాండీ?" అంది తెర కాసేపటికి.

"మరిగాక చెప్తా. అందాకా నోరెత్తకు!"

ధీరజ్ కాగు వంక చూశాడు. తన తెరకు వినబడేలా, "నాక్కూడా టీ," అన్నాడు.

"అయితే ఇంకో బిందెడు పోయ్," అంది సువర్చల.